పండుగ సెలవుల్లో మీ క్లబ్ సేవ: ముందు అడగండి, తర్వాత మొదలుపెట్టండి

కొన్నేళ్ళ క్రితం పండుగ రోజు మధ్యాహ్నం మా సేవా క్లబ్ తరఫున ఒక వృద్ధాశ్రమానికి భోజనాలు పట్టుకెళ్ళాం. రెండు వ్యాన్లు, ఇరవై మందిమి, పొగలు కక్కే గిన్నెలు. మేం లోపల అడుగుపెట్టేసరికి హాల్లో ఎంగిలి ప్లేట్లు తీస్తున్నారు. పొద్దున్నుంచి అప్పటికే రెండు బృందాలు వచ్చి వడ్డించి వెళ్ళాయట. అయినా మమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక ఆ పెద్దవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఒక పెద్దావిడ రెండు ముద్దలు తిని, ప్లేటు మెల్లగా పక్కకు జరిపి, నా చెయ్యి పట్టుకున్నారు. "వచ్చే వారం రాకూడదా నాయనా? అప్పుడు ఎవరూ రారు" అన్నారు.

ఆ మాటతో మా క్లబ్ పని చేసే తీరే మారిపోయింది. మీ క్లబ్ కూడా ఈ పండుగ సెలవుల్లో ఏదైనా చేయాలనుకుంటుంటే, మేం తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతిని అడుగడుగునా చెబుతాను.

ఆరు వారాల ముందు: ఫోన్ చేసి అడగండి

ఏం చేయాలో మీటింగ్‌లో తేల్చేసి, ఆ తర్వాత ఎక్కడ చేయాలో వెతుక్కోవడం చాలా క్లబ్బులకు అలవాటు. దాన్ని తిరగేయండి. మొదటి మీటింగ్‌లో ఏమీ నిర్ణయించకండి. ఎవరెవరికి ఫోన్ చేయాలో జాబితా రాసుకుని, తలా ఇద్దరికి ఫోన్ చేసే బాధ్యత పంచుకోండి. అంతే చాలు.

ఎవరికి చేయాలి? సంస్థ పెద్దలతో మాట్లాడటం మర్యాద, అది తప్పదు. కానీ అసలు సంగతి తెలిసేది రోజూ అక్కడే ఉండేవాళ్ళకు. అనాథాశ్రమంలో వార్డెన్, వృద్ధాశ్రమంలో వంటమనిషి, ఆస్పత్రి వార్డులో నర్సు, బడిలో క్లాస్ టీచర్, కాలనీలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. వాళ్ళను "మీకేం కావాలి?" అని అడిగితే మొహమాటానికి "మీ ఇష్టమండీ, ఏదైనా ఫరవాలేదు" అంటారు. అందుకే ప్రశ్న మార్చండి. పండుగ రోజున మీ దగ్గరికి ఇంకా ఎవరెవరు వస్తున్నారు? ఎవరూ రాని రోజు ఏది? పోయినసారి ఇచ్చినవాటిలో వాడకుండా మూలన పడి ఉన్నవేమిటి? మీ సిబ్బందిలో ఎవరెవరు సెలవు మీద వెళ్తున్నారు? ఈ నాలుగూ అడిగితే వాళ్ళే అసలు విషయం చెబుతారు.

ఒకసారి ఒక హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేశాను. దుప్పట్ల గది నిండిపోయి తలుపు పడటం లేదని చెప్పారు. మేమేమో ఆ ఏడు కూడా దుప్పట్లే ఇద్దామనుకుంటున్నాం! కాసేపు మాటల్లో పెడితే తెలిసింది: స్నానాల గదిలో రెండు కుళాయిలు మూడు నెలలుగా కారుతున్నాయట, ట్యూబ్‌లైట్లు పోయాయట. మా క్లబ్‌లో ఒక సభ్యుడికి ప్లంబింగ్ సామాన్ల వ్యాపారం, ఇంకొకరు ఎలక్ట్రీషియన్. ఒక్క ఆదివారం పూటతో ఆ పని అయిపోయింది.

ఇలాంటి పనులకు సేవా క్లబ్బులంత వయసుంది. 1905లో షికాగోలో పాల్ హ్యారిస్ మరో ముగ్గురితో మొదలుపెట్టిన రోటరీ క్లబ్, రెండేళ్ళ తర్వాత ఊరి కోసం చేపట్టిన మొదటి పెద్ద పని ఏమిటో తెలుసా? పబ్లిక్ టాయిలెట్లు కట్టించమని పట్టుబట్టడం. జనానికి అవసరమైందది, అందుకే చేశారు. మీ క్లబ్‌లో ఎవరైనా "కుళాయిలు బాగుచేయించడం కూడా పండుగ కార్యక్రమమేనా?" అంటే ఈ సంగతి చెప్పండి.

ఒక్క పని ఎంచుకోండి

ఫోన్లన్నీ అయ్యాక చేతిలో పది అవసరాలుంటాయి. మనసు పీకుతుంది, నాకూ పీకుతుంది. అయినా ఒక్కటే తీసుకోండి. పది చోట్ల అరగంట చొప్పున ఉండి రావడం కంటే ఒక చోట ఒక పని పూర్తి చేయడం మేలు.

ఎంచుకునేటప్పుడు మీ సభ్యుల చేతిలో ఉన్న పనులు చూసుకోండి. అకౌంటెంట్ ఉన్నారా, కళ్ళ డాక్టర్ ఉన్నారా, సొంత వ్యాన్ ఉన్నవాళ్ళున్నారా? డబ్బు ఎవరైనా ఇవ్వగలరు, ఆ చేతులు మీకే ఉన్నాయి. లయన్స్ క్లబ్బులు మొదలైంది 1917లో. 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగిన వాళ్ళ మహాసభలో, చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడుతూ అంధుల పక్షాన నిలబడమని అడిగారు. ఆ ఒక్క పనిని పట్టుకున్నారు కాబట్టే ఈ రోజుకీ లయన్స్ అనగానే కంటి శిబిరాలు, పాత కళ్ళజోళ్ళ సేకరణ గుర్తొస్తాయి.

పండుగ సెలవుల్లో ఎవరూ పట్టించుకోని పని ఒకటుంది, రక్తదానం. క్రమం తప్పకుండా రక్తమిచ్చేవాళ్ళు సెలవులకు ఊళ్ళు వెళ్ళిపోతారు, కాలేజీలకూ ఆఫీసులకూ సెలవులు కాబట్టి శిబిరాలు జరగవు. జబ్బులకు, ప్రమాదాలకు మాత్రం సెలవులుండవు. పైగా రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు మామూలుగా నిల్వ ఉండేది 5 నుంచి 7 రోజులే. పోయిన నెల ఇచ్చినవి ఈ వారానికి పనికిరావు. బ్లడ్ బ్యాంక్‌కు ఫోన్ చేసి, ఏ వారంలో కొరత వస్తుందో అడిగి ఆ వారానికే శిబిరం పెట్టండి. అందరినీ ఒకే రోజు రమ్మనడం కంటే, రోజుకు నలుగురైదుగురు చొప్పున సెలవులన్నాళ్ళూ పంపిస్తే బ్లడ్ బ్యాంక్‌కు ఇంకా ఉపయోగం. ఎంతమంది కావాలో వాళ్ళనే చెప్పమనండి.

ఇంకో పని ఉంది, దీనికి పైసా ఖర్చు లేదు. సంరక్షణ కేంద్రాల్లో సిబ్బంది కూడా పండుగకు ఇంటికి వెళ్ళాలనుకుంటారు. వాళ్ళు లేని పూట మీరు వెళ్ళి గేటు దగ్గర కూర్చోవడం, ఫోన్లు ఎత్తడం, వంటపాత్రలు కడగడం లాంటి పనులు అందుకోవచ్చు. మందులివ్వడం, మంచం మీదున్నవాళ్ళను లేపడం వంటివి మాత్రం శిక్షణ ఉన్నవాళ్ళకే వదిలేయండి.

ఎవరొస్తారో పేరు పేరునా రాసుకోండి

వాట్సాప్ గ్రూప్‌లో బొటనవేలి గుర్తు పెట్టినవాళ్ళంతా వస్తారనుకోకండి. సెలవుల్లో చుట్టాలొస్తారు, ప్రయాణాలుంటాయి. మా అనుభవంలో పేరిచ్చిన ముగ్గురిలో ఒకరు చివరి వారంలో రాలేమంటారు. అందుకని పన్నెండు మంది కావాలంటే పద్దెనిమిది మంది పేర్లు రాసుకుంటాం.

ఒక్కొక్కరికి రెండు గంటలో, మూడు గంటలో, అంతకు మించి వేయకండి. "అందరూ పొద్దున్నే వచ్చేయండి" అంటే సగం మంది పనిలేక నిలబడతారు, మిగతా సగం మంది మధ్యాహ్నానికి అలిసిపోతారు. ఎన్నింటికి రావాలి, ఏం చేయాలి, ఎవరిని అడగాలి అనే మూడూ ప్రతి ఒక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి. రెండు రోజుల ముందు మళ్ళీ ఫోన్ చేయండి. ఈ రెండో ఫోన్ మానేసిన ప్రతిసారీ మాకు మనుషులు తక్కువయ్యారు.

పిల్లలుండే చోటికి వెళ్తుంటే ఒక నియమం గట్టిగా పెట్టుకోండి. వాలంటీర్ ఎంత మంచివారైనా, ఎన్నేళ్ళుగా తెలిసినవారైనా, ఏ బిడ్డతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఇది ఎవరి మీదో అనుమానంతో పెట్టే నియమం కాదని, అందరికీ ఒకే నియమమని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. ఆ సంస్థ వాళ్ళు గుర్తింపు కార్డులు, పోలీసు ధ్రువీకరణ లాంటివి అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. అడిగే సంస్థే పిల్లల్ని జాగ్రత్తగా చూసుకుంటుంది.

డబ్బు: దేనికో చెప్పి అడగండి

1891లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు చెందిన కెప్టెన్ జోసెఫ్ మెక్‌ఫీ, వెయ్యి మంది పేదలకు క్రిస్మస్ భోజనం పెట్టాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. జనం పడవ ఎక్కి దిగే రేవు దగ్గర ఒక పెద్ద కుండ వేలాడదీసి, అది దేనికో రాసిపెట్టారు. ఇప్పటికీ ఎన్నో దేశాల్లో డిసెంబర్‌లో కనిపించే ఎర్ర కుండలు, గంట మోగించే వాలంటీర్లు అక్కణ్ణుంచి వచ్చినవే. అక్కడ అడగడం ఎంత సూటిగా ఉందో చూడండి: ఫలానా రోజు, ఇంత మందికి, ఈ పని.

మీరూ అలాగే అడగండి. "సేవా కార్యక్రమాలకు విరాళం" అంటే జనం జేబులో చెయ్యి పెట్టడానికి వెనకాడతారు. "ఈ హాస్టల్‌లో నలభై మంది పిల్లలున్నారు, చదువుకోవడానికి టేబుల్ లైట్లు కావాలి, ఒక్కో లైటు ఇంత" అంటే అక్కడికక్కడే తీసి ఇస్తారు.

వచ్చిన డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ప్రతి విరాళానికీ రసీదు, ప్రతి ఖర్చుకూ బిల్లు ఉండాలి. సొంత ఖాతాలోకి ఒక్క పైసా కూడా తీసుకోవద్దు, ఎంత తొందరలో ఉన్నా సరే. మిగిలితే ఏం చేస్తారో కూడా ముందే చెప్పేయండి.

బొమ్మలు, కానుకలు ఇస్తుంటే

ఈ విషయం కాస్త విడమరిచి చెప్పాలి. పండుగ కానుకల పని పైకి తేలికగా కనిపిస్తుంది కానీ ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

1947లో లాస్ ఏంజెలెస్‌లో బిల్ హెండ్రిక్స్ అనే అమెరికా మెరైన్ రిజర్వ్ సైనికాధికారి భార్య తను చేతులతో చేసిన బొమ్మను ఎవరైనా పేదపిల్లలకు అందించమన్నారు. ఆ పని చేసే సంస్థ కోసం ఆయన వెతికితే ఒక్కటీ దొరకలేదు. దాంతో తోటివాళ్ళను కూడగట్టి ఆ ఏడు ఐదు వేల బొమ్మలు పోగుచేశారు. అదే టాయ్స్ ఫర్ టాట్స్ కార్యక్రమం. వాళ్ళు బొమ్మలు కొత్తవే ఇవ్వమంటారు, రంగు కాగితం చుట్టకుండా ఇవ్వమంటారు. మా క్లబ్ కూడా ఇదే పాటిస్తుంది. చుట్టేసి ఇస్తే లోపల ఏముందో తెలియదు. ఏడాది బిడ్డకు చిన్న చిన్న ముక్కలున్న బొమ్మ వెళ్ళిపోవచ్చు, పన్నెండేళ్ళ పిల్లవాడి చేతికి గిలక్కాయ రావచ్చు.

బొమ్మలను విడదీసేటప్పుడు టేబుల్ మీద ఒక ఖాళీ అట్ట గొట్టం పెట్టుకోండి, టిష్యూ పేపర్ చుట్ట అయిపోతే మిగిలేది. బొమ్మ గానీ, దాని ఊడే ముక్క గానీ ఆ గొట్టంలోంచి జారిపోతే మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. గుండీ ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీలు ఇంకా ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ ఎంత ఖరీదైనదైనా తీసి పక్కన పెట్టేయండి.

ఇంకో మాట. పదమూడు దాటిన పిల్లలను దాదాపు అందరూ మరిచిపోతారు. కానుకలు తెచ్చేవాళ్ళ చూపు చిన్నపిల్లల మీదే ఉంటుంది. ఒకసారి వరుస చివర నిలబడ్డ పదిహేనేళ్ళ అమ్మాయికి ఇవ్వడానికి మా పెట్టెలో రంగుల పుస్తకం తప్ప ఏమీ మిగలలేదు. ఆ అమ్మాయి దాన్ని తీసుకుని, థ్యాంక్స్ చెప్పి, వెంటనే పక్కనున్న చిన్నపాపకు ఇచ్చేసింది. ఆ తర్వాత ప్రతి ఏడూ మేం మొదట కొనేది పెద్దపిల్లలకే: వీపుకు తగిలించుకునే బ్యాగు, ఇయర్‌ఫోన్లు, మంచి పెన్ను, క్రికెట్ బంతి, ఫుట్‌బాల్.

పిల్లలు తల్లిదండ్రులతో ఉంటున్నట్లయితే కానుక మీ చేతులతో ఇవ్వకండి. ఒక గదిలో బొమ్మలన్నీ పరిచి, తల్లినో తండ్రినో లోపలికి పిలిచి, వాళ్ళనే ఎంచుకోనివ్వండి. రంగు కాగితం, రిబ్బను కూడా అక్కడే పెట్టండి. ఇంటికి తీసుకెళ్ళి, చుట్టి, పండుగ రోజున అమ్మే ఇస్తుంది. క్లబ్ సభ్యులు ఆ దృశ్యం చూడలేరన్నది నిజమే. మా మీటింగ్‌లో దీని మీద పెద్ద వాదనే జరిగింది. కానీ బొమ్మల గదిలోంచి బయటికి వస్తూ ఒక తండ్రి ఆ పొట్లాన్ని చొక్కా లోపల దాచుకున్నారు. బయట బెంచీ మీద కూర్చున్న కొడుక్కి కనపడకూడదని. ఆ రోజుతో మా వాదన ముగిసింది.

భోజనం పెడుతుంటే

వండిన వాళ్ళ ప్రేమ ఎంతైనా, చల్లారిన భోజనం సూక్ష్మజీవులకు పండగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలు గుర్తుపెట్టుకోండి. వండిన పదార్థం గది వేడిలో 2 గంటలకు మించి ఉండకూడదు. వేడిగా ఉంచేది 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. మళ్ళీ వేడి చేస్తే లోపలి దాకా 70 డిగ్రీలు దాటాలి. వంటగదికి ఒక థర్మామీటర్ కొనండి, చేత్తో తాకి చూస్తే సరిపోదు. వంట ఎన్నింటికి దిగిందో గిన్నె మూత మీద టేపు అంటించి రాయండి.

ఎవరికి ఏది పడదో, ఎవరు మెత్తటివే తినగలరో, ఎవరికి షుగర్ ఉందో రెండు రోజుల ముందే అడిగి రాసుకోండి. జ్వరం, విరేచనాలు ఉన్న వాలంటీర్‌ను వంటింట్లోకి రానివ్వకండి, బతిమాలినా సరే.

మనుషులను వరుసలో నిలబెట్టడం వీలైనంత వరకు మానేయండి. కుర్చీలు వేసి, కూర్చోబెట్టి, మీరే టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళి వడ్డించండి. పంచేది సామాన్లయితే ఒక్కొక్కరికి ఒక్కో సమయం రాసిన టోకెన్ ముందే ఇవ్వండి. తోపులాట ఉండదు, ఎండలోనో చలిలోనో గంటలు గంటలు నిలబడే పనీ ఉండదు.

ఆ రోజున

అందరికంటే గంట ముందు ఇద్దరు వెళ్ళి తలుపులు, నీళ్ళు, బాత్‌రూములు, చక్రాల కుర్చీ వెళ్ళే దారి చూసుకోవాలి. ప్రథమ చికిత్స పెట్టె, అత్యవసర నంబర్ల కాగితం అందరికీ కనిపించే చోట పెట్టండి.

క్లబ్ బ్యానర్ కట్టాలనుకుంటే వాలంటీర్లు నిలబడే చోట కట్టండి, తీసుకునేవాళ్ళ తల మీద కాదు. ఉపన్యాసాలు వద్దు. ప్రెసిడెంట్ గారు మాట్లాడతానంటే వెళ్ళే ముందు మన వాలంటీర్లతో మాట్లాడమనండి.

ఫొటోల సంగతి ముందే తేల్చుకోవాలి. ముఖాలు కనిపించేలా తీయాలంటే అడగాలి, పిల్లలైతే పెద్దవాళ్ళ అనుమతి కావాలి. చేతిలో ప్లేటు పట్టుకుని ఎదురుచూస్తున్న మనిషిని "ఫొటో తీయనా?" అని అడగడం అడగడం కాదు, ఆ పరిస్థితిలో వద్దని ఎవరు అనగలరు? మేం సర్దుతున్న చేతుల్నీ, పెట్టెల్నీ, వాలంటీర్లనీ మాత్రమే తీస్తాం. దాతలకు చూపించడానికి అవి సరిపోతున్నాయి.

పెద్దవాళ్ళను చూడటానికి వెళ్ళినప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని, వాళ్ళ కళ్ళ ఎత్తుకు వచ్చేలా కూర్చోండి. "మీ పిల్లలు రాలేదా?" అని మాత్రం పండుగ పూట అడగకండి. గోడ మీద ఫొటో కనిపిస్తే అదెవరని అడగండి, చిన్నప్పుడు ఏం పని చేసేవారో అడగండి, తర్వాత వినండి. చెప్పిందే రెండోసారి చెప్పినా వినండి. వెళ్ళేటప్పుడు "మళ్ళీ వస్తాం" అనాలనిపిస్తుంది. తేదీ రాసుకుని ఉంటేనే అనండి. వాళ్ళు ఎదురుచూస్తారు.

పండుగ అయిపోయాక

వారం లోపల దాతలందరికీ లెక్క పంపండి, ఒక పేజీ చాలు: ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది, ఎంత మిగిలింది, మిగిలింది ఎక్కడుంది. వాలంటీర్లకు పేరు పేరునా ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పి, ఏది ఇబ్బందిగా అనిపించిందో అడగండి. కొత్తగా వచ్చినవాళ్ళు మీటింగ్‌లో నోరు విప్పరు, ఫోన్‌లో చెబుతారు.

రెండు వారాల తర్వాత మీరు వెళ్ళిన సంస్థకు మళ్ళీ ఫోన్ చేయండి. మీరిచ్చినవి వాడుతున్నారా, బాగుచేసిన కుళాయి ఇంకా కారుతోందా, ఎవరికైనా మేం నొప్పించే మాట అన్నామా అని అడగండి. జవాబులు నోట్‌బుక్‌లో రాసి, వచ్చే ఏడు ప్రాజెక్ట్ చూసుకునే వారికి అప్పజెప్పండి. క్లబ్బుల్లో ఏటా పదవులు మారతాయి, ఆ పుస్తకం లేకపోతే కొత్తవాళ్ళు మళ్ళీ దుప్పట్లతోనే మొదలుపెడతారు.

మా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఆ వృద్ధాశ్రమం పేరు, దాని పక్కన "పండుగ తర్వాత వచ్చే రెండో ఆదివారం" అని రాసి ఉంది. ఇప్పుడు మేం వెళ్ళేది ఆ రోజే. వాళ్ళు ముందే వరండాలో కుర్చీలు వేసి ఉంచుతారు.